స్పితి లూప్‌కి గ్రావెల్ సైకిల్: 10 రోజులు చాలవు, 30–34 గేరూ చాలదు

ముందు మీ ప్రశ్న ఇక్కడ క్లుప్తంగా పెడుతున్నా. కొండాపూర్‌లో ఉంటారు. శని, ఆదివారాల్లో నార్సింగి సోలార్ సైకిల్ ట్రాక్ మీదా, చేవెళ్ల రోడ్డు మీదా 100–120 కిలోమీటర్లు తొక్కుతారు. సెప్టెంబర్‌లో హిమాచల్‌లోని మనాలీలో మొదలుపెట్టి, స్పితి లోయలోని కాజా మీదుగా సిమ్లా చేరాలనుకుంటున్నారు, స్పితి లూప్ అంటే ఇదే. మొత్తం సుమారు 630 కిలోమీటర్లు, చేతిలో 10 రోజులు. మీది మట్టి, కంకర దారులకు పనికొచ్చే గ్రావెల్ సైకిల్, దానికి ముందు 46–30 చెయిన్‌రింగులు (పెడల్ దగ్గరి పళ్లచక్రాలు), వెనక 11–34 క్యాసెట్ (వెనక చక్రం మీది పళ్లచక్రాల కట్ట), షిమానో జీఆర్‌ఎక్స్ 10 స్పీడ్ గేర్లు, 700 బై 40 టైర్లు ఉన్నాయి. ఏ బ్యాగులు కొనాలని అడిగారు.

బ్యాగుల సంగతి చివర్లో చూద్దాం, దానికి తొందరేం లేదు. మీ ప్లాన్‌లో అంతకంటే ముందు మార్చాల్సినవి మూడున్నాయి: బయల్దేరే వైపు, రోజుల లెక్క, గేరు. ఈ మూడూ సరిచేసుకుంటే అవసరమైతే సామాను గోనెసంచిలో కట్టుకునైనా వెళ్లొచ్చు. ఇవి తప్పితే ఎంత ఖరీదైన బ్యాగైనా కాజా నుంచి బస్సు టాప్ మీదే తిరిగొస్తుంది.

630ని 10తో భాగించి రోజుకు 63 అని వేసుకున్నట్టున్నారు. సోలార్ ట్రాక్ మీద 63 అంటే రెండున్నర, మూడు గంటల పని, టిఫిన్ వేళకి ఇంటికొచ్చేస్తారు. స్పితి లూప్‌లో బాతల్ నుంచి ఛత్రు దాకా 32 కిలోమీటర్లే ఉంటుంది. సామానుతో గ్రావెల్ సైకిల్ మీద ఆ ముక్కకి 5 నుంచి 6 గంటలు పడుతుంది, అదీ దిగుడు వైపు వెళ్తే. రోడ్డనే పేరున్నా అక్కడ ఉన్నది నది వదిలేసిన గుండ్రాళ్లు, మధ్యలో వాగులు. కాబట్టి ఈ రూట్‌లో రోజుని కిలోమీటర్లతో కొలవకండి. రెండే అంకెలు చూసుకోండి: ఆ రోజు ఎన్ని మీటర్లు ఎక్కుతున్నాం, రాత్రి ఎంత ఎత్తున పడుకుంటున్నాం.

రెండో అంకె వల్లే మనాలీ నుంచి మొదలుపెట్టొద్దని చెప్తున్నా. హైదరాబాద్ ఎత్తు సుమారు 540 మీటర్లు, మనాలీది 2,050. మనాలీలో బయల్దేరితే రెండో రాత్రికి ఛత్రు (3,360) గానీ బాతల్ (3,950 పైచిలుకు) గానీ చేరతారు, మర్నాడే కుంజుమ్ లా అనే కనుమ (4,551). 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రాత్రికి 500 మీటర్లకు మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకోసారి అదే ఎత్తున ఇంకో రాత్రి ఆగాలి. ఎత్తు జబ్బు మీద డాక్టర్లందరూ చెప్పే సూత్రమిదే. మనాలీ వైపు నుంచి ఈ సూత్రం పాటించడం కుదరదు, ఎందుకంటే ఆగడానికి మధ్యలో సరైన ఊళ్లు లేవు. వయసు, ఫిట్‌నెస్ దీన్నుంచి కాపాడవు. నిజానికి బాగా తొక్కేవాళ్లకే ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే కాళ్లలో సత్తువుంది కదా అని ఒక్క రోజులో ఎక్కువ ఎత్తుకి పోతారు.

సిమ్లా నుంచి వెళ్తే సట్లెజ్ లోయ మిమ్మల్ని మెల్లగా పైకి తీసుకెళ్తుంది. ఇంకో లాభం గాలి. హిమాలయ లోయల్లో ఎండెక్కాక గాలి సాధారణంగా కింది నుంచి పైకి వీస్తుంది. ఖాబ్ నుంచి కాజా, లోసర్ దాకా మీరు స్పితి నదికి ఎదురు దిశలో వెళ్తారు కాబట్టి మధ్యాహ్నపు గాలి వీపున తగులుతుంది. మనాలీ నుంచి వచ్చేవాళ్లు దిగుడులో కూడా పెడల్ తొక్కాల్సి రావడానికి కారణం ఇదే. మూడోది, బాతల్–ఛత్రు రాళ్లదారి మీకు దిగుడుగా వస్తుంది.

ఇక రోజులు. నేనైతే 15–16 రోజులు వేస్తాను, ప్రయాణాలు కాకుండా.

మొదటి రోజు సిమ్లా నుంచి కుఫ్రీ, ఠియోగ్ మీదుగా నార్కండా (2,700), 60 కిలోమీటర్ల పైన. సెప్టెంబర్ యాపిల్ సీజన్ కాబట్టి ఠియోగ్ చుట్టుపక్కల లారీలు విపరీతంగా ఉంటాయి. తెల్లవారుజామునే బయల్దేరి, వెనక ఎర్ర లైటు పగలు కూడా వెలిగించి ఉంచండి. రెండో రోజు నార్కండా నుంచి సట్లెజ్ ఒడ్డుకి సుమారు 1,700 మీటర్లు దిగి రాంపూర్ (1,000). వేడి హైదరాబాద్‌ని గుర్తుచేస్తుంది. మీ బ్రేకులకు మొదటి పరీక్ష ఈ దిగుడే. ఓపికుంటే రాంపూర్ దాటి 23 కిలోమీటర్లు వెళ్లి జ్యోరిలో ఆగండి. మూడు, నాలుగు రోజులు వాంగ్టూ, టాప్రి, కర్చమ్ మీదుగా పొవారి, అక్కడి నుంచి రెకాంగ్ పియో (2,290), ఇంకా పైకి కల్పా (2,960). ఈ ముక్కలో జలవిద్యుత్ ప్రాజెక్టుల లారీలు, దుమ్ము, పై నుంచి రాలే రాళ్లు ఉంటాయి. 2021 ఆగస్టులో నిగుల్‌సరి దగ్గర బస్సుతో సహా వాహనాల మీద కొండచరియ విరిగిపడింది. అందుకే జులై, ఆగస్టుల్లో కిన్నౌర్ వద్దంటాను. సెప్టెంబర్ రెండో వారం తర్వాత వానలు తగ్గుతాయి, అక్టోబర్ మొదటి వారం దాకా మంచి కాలం. రాళ్లు రాలే చోట్ల చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోకండి, ఫొటోలకు ఆగకండి, గాలి లేవకముందే ఉదయాన్నే దాటేయండి.

కల్పాలో రెండు రాత్రులు ఉండండి. అక్కడ కిన్నర్ కైలాస్ ఎదురుగా ఉంటుంది కాబట్టి ఆ రెండో రోజు భారంగా గడవదు. తర్వాత స్పిల్లో మీదుగా పూహ్. మర్నాడు ఖాబ్ దగ్గర స్పితి నది సట్లెజ్‌లో కలిసేచోట ఎన్‌హెచ్ 5 వదిలి ఎన్‌హెచ్ 505 పట్టుకుని, కా గ్రామం దగ్గరి మెలికలెక్కి నాకో (3,660). ఖాబ్ నుంచి నాకోకి సుమారు 30 కిలోమీటర్లలో 1,200 మీటర్లు ఎక్కాలి. ఈ మెలికల్లో నీడా, నీళ్లూ దొరకవు, ఖాబ్‌లోనే 3 లీటర్లు నింపుకోవాలి. నాకో అందమైన ఊరే, కానీ ఆ రాత్రి అక్కడ పడుకోవద్దు. పూహ్ 2,660 మీటర్లలో ఉంది, ఒక్కసారిగా 1,000 మీటర్ల దూకుడు అవుతుంది. చెరువు చూసి, టీ తాగి, మలింగ్ కొండచరియల భాగం దాటి ఛాంగోకి దిగిపోండి. అది 3,000 మీటర్ల ప్రాంతంలో ఉంటుంది. ఎత్తు చూసొచ్చి కింద పడుకోవడం ఒంటికి మంచిది.

ఛాంగో నుంచి సుమ్డో మీదుగా టాబో (3,280). 996లో కట్టిన మఠం అక్కడే ఉంది, లోపల ఫొటోలు తీయనివ్వరు. సుమ్డో చెక్‌పోస్టులో మనకి ఇన్నర్ లైన్ పర్మిట్ అక్కర్లేదు, అది విదేశీయులకే. ఆధార్ చూపిస్తే చాలు. టాబో నుంచి కాజా 47 కిలోమీటర్లు. ఢంకర్ (3,890) వెళ్లాలంటే షిచ్‌లింగ్ దగ్గర కుడివైపు ఎక్కాలి. ఏడెనిమిది కిలోమీటర్లలో 500 మీటర్ల పైన ఎక్కుడు. అది చేస్తే ఆ రోజుకి కాజా సంగతి మర్చిపోయి అక్కడే ఉండండి, కానీ టాబోలో రెండు రాత్రులు పడుకున్నాకే.

కాజా (3,650)లో కనీసం రెండు రాత్రులు, మూడైతే ఇంకా మంచిది. బ్యాగులు గదిలో పెట్టి ఖాళీ సైకిల్‌తో లాంగ్జా, హిక్కిమ్, కోమిక్ (4,587) చుట్టి రండి. కుంజుమ్‌కి ఇంతకంటే మంచి సన్నాహం లేదు, కోమిక్ కుంజుమ్ కంటే ఎత్తు. హిక్కిమ్ పోస్టాఫీసులో పోస్టుకార్డు వేసే సరదా ఎలాగూ అందరూ తీర్చుకుంటారు, అదీ అయిపోతుంది.

ఆ తర్వాత లోసర్ (4,080), 57 కిలోమీటర్లు. మర్నాడు కుంజుమ్ 19 కిలోమీటర్లు. వాలు చూస్తే కుంజుమ్ పెద్ద ఎక్కుడు కాదు, సగటున రెండున్నర శాతమే, చివరి భాగంలో కొంచెం నిట్టగా ఉంటుంది. కష్టపెట్టేది ఊపిరి, రాళ్లూ. హైదరాబాద్‌లో గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే 94 శాతం ఉంటే కుంజుమ్ మీద 57–58 శాతం. పైనుంచి బాతల్‌కి 11–12 కిలోమీటర్లు దిగుడు. చంద్రతాల్ చూడాలంటే బాతల్‌కి కాస్త ముందు కుడివైపు దారి చీలుతుంది, దానికి ఇంకో రోజు కలుపుకోండి. తర్వాత బాతల్–ఛత్రు ఒక రోజు. ఛత్రు–గ్రాంఫు 17 కిలోమీటర్లు. గ్రాంఫు దగ్గర రెండు దారులు: ఎడమవైపు ఎక్కితే రోహ్‌తంగ్ (3,978), అక్కడి నుంచి మనాలీ 51 కిలోమీటర్లు అంతా దిగుడే. లేదంటే కోక్సర్ మీదుగా అటల్ టన్నెల్. ఆ 9 కిలోమీటర్ల టన్నెల్‌లో తొక్కే ఆలోచన పెట్టుకోకండి, కోక్సర్ దగ్గర పికప్ మాట్లాడుకుని సైకిల్ అందులో వేయండి. కాళ్లలో సత్తువుంటే రోహ్‌తంగే మేలు, టన్నెల్ వచ్చాక ఆ పాత రోడ్డు మీద ట్రాఫిక్ తగ్గింది.

10 రోజులకు మించి సెలవు దొరకదంటే లూప్ వదిలేయండి. ఢిల్లీ నుంచి హెచ్‌ఆర్‌టీసీ (హిమాచల్ ఆర్టీసీ) బస్సులో రాంపూర్ వెళ్లి, అక్కడి నుంచి కాజా దాకా తొక్కి, కాజా నుంచి రెకాంగ్ పియో బస్సెక్కి వెనక్కి రండి. కల్పాలో, కాజాలో చెరో విశ్రాంతి రోజు వేసుకున్నా సరిపోతుంది. లూప్ పూర్తి చేయలేదన్న వెలితి తప్ప నష్టం లేదు. దారిలో మంచివన్నీ చూసినట్టే, రాళ్లదారి ఒక్కటే మిగిలిపోతుంది.

గేరు లెక్క కాస్త ఓపిగ్గా చదవండి. మీరు 70 కిలోలు, సైకిల్ 11, సామాను 11, నీళ్లూ తిండీ 3 అనుకుందాం, మొత్తం 95 కిలోలు. వదులు కంకర మీద 7 శాతం వాలుని గంటకు 6 కిలోమీటర్ల వేగంతో ఎక్కడానికి సుమారు 140 వాట్లు కావాలి. హైదరాబాద్‌లో రెండు మూడు గంటలపాటు 180 వాట్లు పెట్టగలిగేవాళ్లకి 4,000 మీటర్ల మీద మిగిలేది దాదాపు అంతే, 20–25 శాతం తగ్గుతుంది. అంటే గంటకు 6 కిలోమీటర్లే మీ సహజ వేగం. మీ 30–34 గేరులో (ముందు 30 పళ్లు, వెనక 34), 40 టైరుతో, పెడల్ ఒక చుట్టుకి 1.94 మీటర్లు ముందుకెళ్తారు. 6 కిలోమీటర్ల వేగానికి నిమిషానికి 51 చుట్లు. ఒక ఫ్లైఓవర్‌కి పర్వాలేదు. రోజుకు నాలుగు గంటలు, రెండు వారాలు అలా బరువుగా తొక్కితే ముందు మోకాలి చిప్ప కింద నొప్పి మొదలవుతుంది. రాయి తగిలి వేగం 4కి పడితే బ్యాలెన్స్ పోయి కాలు కింద పెట్టేస్తారు. అదే 30–40 అయితే 60 చుట్లు, మౌంటెన్ బైక్ మీద 32–51 అయితే 69.

మీ దగ్గరున్నది ఆర్‌ఎక్స్400 వెనక డిరైలర్ (చెయిన్‌ని ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదానికి మార్చే భాగం) అయితే షిమానో లెక్క ప్రకారం అది 36 పళ్ల దాకా తీసుకుంటుంది. 11–36 క్యాసెట్ వేస్తే చెయిన్ మార్చడం తప్ప వేరే పని లేదు, కానీ లాభం కొంచెమే. సన్‌రేస్ 10 స్పీడ్ 11–40 వేసి, డిరైలర్‌ని కిందకి దించే హ్యాంగర్ ఎక్స్‌టెండర్ పెట్టిస్తే అసలు తేడా తెలుస్తుంది. ఇది కంపెనీ పరిమితి దాటడమే కాబట్టి రెండు జాగ్రత్తలు కావాలి. చెయిన్ పొడవు పెద్ద రింగు–పెద్ద పళ్లకి సరిపడా ఉండాలి, పొట్టిగా ఉంటే పొరపాటున అటు వేసినప్పుడు డిరైలర్ చీలిపోతుంది. చిన్న రింగు–చిన్న పళ్ల కలయికలో చెయిన్ వదులై వేలాడుతుంది, అది వాడకండి. బీ స్క్రూ (డిరైలర్‌కీ పళ్లకీ మధ్య ఖాళీని సరిచేసే స్క్రూ) సర్దుబాటు కూడా కొత్తగా చేయించాలి. ఇదంతా బయల్దేరడానికి కనీసం నెల ముందు చేయించి అనంతగిరి గుట్టల మీద సామానుతో పరీక్షించుకోండి. ఢిల్లీ బస్టాండులో తెలుసుకుంటే ప్రయోజనం లేదు.

ఫ్రేమ్‌లో చోటుంటే టైరు 45కి మార్చండి. రెండు వైపులా 5–6 మిల్లీమీటర్ల ఖాళీ మిగలాలి, లేకపోతే బురదలో చక్రం పట్టేస్తుంది. ట్యూబ్‌లెస్ తప్పనిసరి, ఒక్కో టైరులో 60–80 మిల్లీలీటర్ల సీలంట్ (చిల్లులు పూడ్చే ద్రవం), ఇంకో 60 సీసాలో. మొత్తం 95 కిలోలకి 45 టైరులో ముందు 30 పీఎస్ఐ, వెనక 34 దగ్గర మొదలుపెట్టండి. బాతల్ రాళ్లలో చాలామంది గాలి ఇంకా తగ్గిస్తారు. తగ్గిస్తే సాఫీగా ఉంటుంది నిజమే, కానీ సామాను బరువుతో రిమ్ముకి రాయి కొట్టుకుంటే టైరు పక్క గోడ చీలుతుంది, అది సీలంట్‌తో ఆగదు. ఎత్తుకి వెళ్తే టైరు పేలిపోతుందేమోనన్న భయం అక్కర్లేదు. సిమ్లాలో కాదు, హైదరాబాద్‌లో నింపిన గాలైనా 4,000 మీటర్ల మీద బయటి పీడనం తగ్గడం వల్ల 5 పీఎస్ఐ దాకా పెరిగినట్టు కనిపిస్తుంది, చలికి మూడున్నర దాకా తగ్గుతుంది. ఉబ్బిపోయేది బ్యాగులోని చిప్స్ ప్యాకెట్టే.

వాగుల గురించి. బాతల్–ఛత్రు మధ్య వాగుల్లో నీళ్లు మంచు కరిగితే వచ్చేవి. రాత్రి గడ్డకడుతుంది కాబట్టి పొద్దున 6–9 మధ్య నీళ్లు తక్కువ, మధ్యాహ్నం 2 తర్వాత అదే వాగు రెట్టింపవుతుంది. బాతల్‌లో వెలుతురు రాగానే బయల్దేరడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు. దాటేటప్పుడు షూ విప్పొద్దు, నీళ్ల కింది రాళ్లు కదులుతుంటాయి, చలికి పాదం స్పర్శ కోల్పోతుంది. సాక్స్ మాత్రం తీసి పొడిగా దాచండి. ముందు బ్యాగులు ఒక విడత అవతల పెట్టొచ్చి, తర్వాత సైకిల్ తీసుకెళ్లండి. సైకిల్ ఎప్పుడూ ప్రవాహం కిందివైపు ఉండాలి, పైవైపు ఉంటే నీళ్లు దాన్ని మీ కాళ్ల మీదకి తోస్తాయి. నీళ్లు మోకాలు దాటితే ప్రయత్నించకండి, ఏ లారీనో జీపునో ఆపి ఎక్కించమనండి. అక్కడ ఎవరూ కాదనరు. దాటిన వెంటనే బ్రేకులు రెండు మూడుసార్లు నొక్కి తడి ఆరనివ్వండి. ఈ ఒక్క కారణంతోనే షూని బిగించి పట్టే క్లిప్ పెడల్స్ వద్దని, పిన్నులున్న ఫ్లాట్ పెడల్స్, నడవడానికి వీలైన షూ వేసుకోమని చెప్తాను.

సిమ్లా దాటాక మళ్లీ మనాలీ దాకా మీ సైకిల్ విడిభాగాలు దొరకవనే లెక్కేసుకోండి. కాజాలో మోటార్‌సైకిల్ మెకానిక్‌లు, వెల్డింగ్ ఉంటాయి, డిరైలర్ ఉండదు. సంచిలో ముందుగా వేయాల్సింది మీ ఫ్రేమ్‌కి సరిపోయే డిరైలర్ హ్యాంగర్ (డిరైలర్‌ని ఫ్రేమ్‌కి పట్టించే చిన్న లోహపు ముక్క). సైకిల్ బస్సు మీద పడినా, రాయికి తగిలినా ముందు వంగేది అదే, ఒక ఫ్రేమ్‌ది ఇంకోదానికి పట్టదు. బ్రేక్ ప్యాడ్లు రెండు జతలు. రెజిన్ ప్యాడ్లు తడి ఇసుకలో ఒకట్రెండు రోజుల్లో అరిగిపోతాయి, మీ రోటర్ (బ్రేక్ డిస్క్) అనుమతిస్తే మెటల్ ప్యాడ్లు వేయండి. రోటర్ మీద ‘రెజిన్ ప్యాడ్ ఓన్లీ’ అని రాసుంటే మెటల్ వేయకూడదు. తెగిన చెయిన్‌ని కలిపే క్విక్ లింకులు రెండు, నాలుగైదు చెయిన్ లింకులు, గేరు కేబుల్ ఒకటి. వెనక చక్రం డ్రైవ్ వైపు (చెయిన్ ఉండే వైపు) పొడవుకి రెండు, మిగతా పొడవులకి ఒక్కోటి చొప్పున చక్రం పుల్లలు (స్పోక్‌లు) ఫ్రేమ్‌కి టేపుతో అంటించుకోండి. ట్యూబులు రెండు, టైర్ ప్లగ్ కిట్, వాల్వ్ కోర్లు రెండు, చీలిన టైరు లోపల పెట్టడానికి పాత టైరు ముక్క. ఎం5 బోల్టులు అరడజను, జిప్ టైలు, ఇన్సులేషన్ టేపు. చెయిన్ కట్టర్, టీ25 ఉన్న మల్టీటూల్. చేతి పంపు మాత్రమే నమ్ముకోండి, సీఓ2 సిలిండర్లు విమానంలో సమస్య. చెయిన్ ఇప్పటికే 0.5 శాతం సాగి ఉంటే కొత్తది వేసుకుని వెళ్లండి. స్పితి దుమ్ము పొడిపిండిలా ఉంటుంది, తడి నూనె వేస్తే ముద్దకడుతుంది. వ్యాక్స్ లూబ్ వాడి, రోజూ సాయంత్రం పాత బనీను గుడ్డతో చెయిన్ తుడవడం ఐదు నిమిషాల పని.

బ్యాగులు. మొత్తం సామాను 11 కిలోలు దాటకూడదు. హ్యాండిల్ ముందు 8–10 లీటర్ల రోల్, ఫ్రేమ్ లోపల 4–6 లీటర్లది, సీటు వెనక 10–12 లీటర్లది. బరువైనవన్నీ (పనిముట్లు, పవర్ బ్యాంక్, తిండి) ఫ్రేమ్ బ్యాగులో, బట్టలు సీటు వెనక. సీటు బ్యాగు ఊగితే కారణం సాధారణంగా బ్యాగు కాదు, దాన్లో వెనక చివర బరువు పెట్టడం. బరువుని సీటు పోస్టుకి ఆనించి గట్టిగా కుక్కండి. వెనక క్యారియర్, పానియర్లు (క్యారియర్‌కి రెండు పక్కలా వేలాడే సంచులు) ఇప్పటికే ఉంటే అవే వాడొచ్చు, కొత్తవి కొనే పని లేదు. కానీ బోల్టులకి నీలిరంగు థ్రెడ్‌లాకర్ (బోల్టు వదులు కాకుండా పట్టే జిగురు) పెట్టండి, ప్రతి సాయంత్రం బిగుతు చూడండి. వాటర్‌ప్రూఫ్ అని రాసున్నా లోపల మందపాటి చెత్త సంచి ఒకటి వేసి దాన్లో బట్టలు పెట్టుకోండి, పది రూపాయల బీమా.

టెంటు, స్టవ్ వద్దు. దారంతా హోమ్‌స్టేలు, ధాబాలు ఉన్నాయి, బాతల్‌లో, ఛత్రులో కూడా సీజన్‌లో పడుకోవడానికి చోటు దొరుకుతుంది. గ్యాస్ క్యానిస్టర్ విమానంలోనూ రైల్లోనూ తీసుకెళ్లనివ్వరు. 0 డిగ్రీల స్లీపింగ్ బ్యాగు ఒక్కటి ఉంటే ధాబా రజాయిల కింద నిశ్చింత.

మనవాళ్లు చలిని తక్కువ అంచనా వేసేది రాత్రుళ్లు కాదు, దిగుళ్లలో. ఎక్కేటప్పుడు చెమటకి తడిసిన బనీనుతోనే కుంజుమ్ నుంచి దిగితే అరగంటలో వేళ్లు బ్రేకు పట్టవు. పైన ఆగగానే, ఫొటోకంటే ముందు, లోపలి బనీను మార్చి, పొడి ఫ్లీస్, దాని మీద గాలి చొరని జాకెట్, పూర్తి వేళ్ల గ్లవ్స్ వేసుకోండి. మొత్తం మీద రెండు ఉన్ని లేదా పాలిస్టర్ బనీన్లు, ఒక ఫ్లీస్, పల్చటి డౌన్ జాకెట్, వాన జాకెట్, వాన ప్యాంటు చాలు. ఎండ మోసం చేస్తుంది, సన్‌స్క్రీన్, లిప్ బామ్ రోజుకు మూడుసార్లు.

తిండి విషయంలో మంచి జీర్ణశక్తి ఉన్నవాళ్లు కూడా 3,500 దాటాక ఆకలి లేదంటారు. ఆకలి కోసం ఆగితే మధ్యాహ్నానికి కాళ్లు ఖాళీ. గంటకు 40–60 గ్రాముల పిండిపదార్థం గడియారం చూసి తినాలి. పల్లీ చిక్కీలు, నువ్వుండలు, ఖర్జూరాలు ఇక్కడి నుంచే పట్టుకెళ్లండి, ఎనర్జీ జెల్‌లు చలికి గట్టిపడి మింగుడుపడవు. ధాబాల్లో రాజ్మా చావల్, పరాఠా, థుక్పా దొరుకుతాయి. కరివేపాకు కారప్పొడి చిన్న డబ్బా 100 గ్రాములు బరువు, వారం తర్వాత దాని విలువ తెలుస్తుంది. నీళ్లు రోజుకు 4–5 లీటర్లు, దాన్లో రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు. వాగు నీళ్లు మబ్బుగా ఉంటాయి, అది రాతిపిండి. నేరుగా ఫిల్టర్‌లో పోస్తే పూడుకుపోతుంది. సీసాలో అరగంట తేరనిచ్చి, పై నీళ్లకి క్లోరిన్ మాత్ర వేయండి.

డబ్బు నగదుగా పెట్టుకోండి, కాజాలో ఏటీఎం ఉన్నా దాన్ని నమ్ముకుని వెళ్లొద్దు. లోసర్ దాటాక కోక్సర్ దాకా ఫోన్ పనిచేయదనే లెక్కేసుకోండి, ఇంట్లోవాళ్లకి ఆ రెండు మూడు రోజులు ముందే చెప్పి ఉంచండి. మ్యాపులు ఆఫ్‌లైన్‌లో దించుకోండి. పవర్ బ్యాంక్ 20,000 ఎంఏహెచ్ చాలు, విమానంలో చేతి సంచిలోనే ఉండాలి. రాత్రి దాన్ని స్లీపింగ్ బ్యాగు లోపల పెట్టుకోండి.

ఎత్తు జబ్బు మొదలయ్యే తీరు: తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం. తలనొప్పి ఒక్కటే ఉంటే అక్కడే ఆగి చూడొచ్చు, పైకి మాత్రం వెళ్లకూడదు. సరళరేఖ మీద మడమకి బొటనవేలు ఆనించి నడవలేకపోయినా, కూర్చుని ఉన్నప్పుడు కూడా ఆయాసం వస్తున్నా, అప్పుడు రాత్రయినా సరే కిందకి దిగాలి. ఇక్కడే స్పితికి ఒక చిక్కుంది. లోసర్‌లో తేడా చేస్తే ముందు కుంజుమ్, వెనక 57 కిలోమీటర్ల దూరంలో కాజా, అదీ 3,650. గబగబా దిగిపోయే దారి రెండు వైపులా లేదు. కాబట్టి లోసర్‌కి వెళ్లాలా వద్దా అన్న నిర్ణయం కాజాలోనే తీసుకోవాలి, అక్కడ ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, ఆక్సిజన్ దొరుకుతుంది. ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే ఎసిటజొలమైడ్ సాధారణంగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు ఇస్తారు, కానీ సల్ఫా అలర్జీ ఉన్నవాళ్లకి పడకపోవచ్చు. ఇక్కడ డాక్టర్‌ని అడిగి, రెండు రోజులు ఇంట్లోనే వేసి చూసుకోండి. చేతివేళ్లలో చిమచిమ, మాటిమాటికీ మూత్రం దాని సహజ ప్రభావాలే.

హైదరాబాద్‌లో ప్రాక్టీసుకి సోలార్ ట్రాక్ దాదాపు పనికిరాదు, అది ఊపిరికి మంచిదే గానీ వాలు లేదు. అనంతగిరి ఘాట్ చిన్నది, దాన్నే పూర్తి సామానుతో ఆరు నుంచి ఎనిమిదిసార్లు ఎక్కి దిగండి. నెలకోసారి శ్రీశైలం: ఈగలపెంట దాటి డ్యామ్ దగ్గరికి దిగి అవతలి ఘాట్ ఎక్కి, మళ్లీ వెనక్కి. మన్ననూర్ గేటు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంటుంది, అది చూసుకుని బయల్దేరండి. వరుసగా రెండు రోజులు నాలుగేసి గంటలు నిమిషానికి 60–70 చుట్లతో ఎక్కగలిగితే చాలు. వేగం ఎంతన్నది చూడొద్దు. ఎత్తుకి అలవాటుపడే ప్రాక్టీసు ఇక్కడ లేదు, మాస్కులు పెట్టుకుని తొక్కడం డబ్బు దండగ.

సైకిల్‌ని ఢిల్లీ చేర్చడానికి ఏ సైకిల్ షాపులోనైనా పాత కార్టన్ అడగండి. పెడల్స్ తీసేటప్పుడు ఎడమది రివర్స్ థ్రెడ్ అని గుర్తుంచుకోండి. డిరైలర్‌ని హ్యాంగర్ నుంచి విప్పి బబుల్ షీట్‌లో చుట్టి ఫ్రేమ్ లోపలివైపు కట్టండి. చక్రాలు తీశాక హైడ్రాలిక్ బ్రేక్ కాలిపర్‌లో (డిస్క్‌ని పట్టే భాగంలో) ప్లాస్టిక్ స్పేసర్ పెట్టండి, లేకపోతే దారిలో ఎవరైనా లీవర్ నొక్కితే పిస్టన్లు మూసుకుపోతాయి. దేశీయ విమానాల్లో చెకిన్ బరువు మామూలుగా 15 కిలోలే, సైకిల్‌ని ముందే క్రీడాసామగ్రిగా నమోదు చేసుకోవాలి. రైలైతే నాంపల్లి నుంచి తెలంగాణ ఎక్స్‌ప్రెస్ నేరుగా న్యూఢిల్లీ వెళ్తుంది. విప్పకుండా పార్సిల్‌లో వేస్తే దాని మీద వేరే మూటలు పడతాయి, రైలుకైనా కార్టన్‌లోనే పెట్టండి. కార్టన్‌ని సిమ్లాలో పారేసి, మనాలీలో సైకిల్ అద్దెకిచ్చే దుకాణంలో ఇంకోటి అడిగి తీసుకోవచ్చు. కాజా నుంచి బస్సులో తిరిగొచ్చేట్టయితే టాప్ మీద సైకిల్‌ని డిరైలర్ పైవైపుకి ఉండేలా పడుకోబెట్టి, మీ తాడుతో మీరే కట్టండి. పాత ట్యూబు ఒకటి నిలువునా కోసి ఉంచుకుంటే దానికంటే గట్టిగా పట్టే తాడు లేదు.